వకాలత్ మీద మీ సంతకం

(గుంటూరులో కొత్తగా ఎన్‌రోల్ అయిన న్యాయవాదులతో ఒక సాయంత్రం మాట్లాడిన మాటల పాఠం)

అందరికీ నమస్కారం. ముందు వరసలో కూర్చున్న సీనియర్ గార్లకు మరీ మరీ నమస్కారం. మీలో కొందరి ఎదుట నిలబడి వాదించడానికి నేను ఒకప్పుడు చాలా భయపడ్డాను. మీ ముందు మైకు పట్టుకోవడం ఇవాళ కూడా కొంచెం టెన్షన్‌గానే ఉంది.

పోయిన నెల ఒక అబ్బాయి మా ఆఫీసుకి వచ్చాడు. ఎన్‌రోల్ అయి మూడేళ్లయింది. కుర్చీ అంచున కూర్చుని, "మేడమ్, సొంతంగా ఆఫీసు పెట్టుకుందామనుకుంటున్నాను, ఎంత అవుతుంది?" అని అడిగాడు. ఇద్దరం కాగితం ముందేసుకుని లెక్క వేశాం. అరండల్‌పేటలో గది అద్దె, అడ్వాన్సు, టేబులు, నాలుగు కుర్చీలు, బీరువా, కంప్యూటరు, ప్రింటరు. లెక్క తేలింది. వాళ్ల నాన్నగారు కొంత సర్దుతానన్నారట. అతను లేవబోతుంటే, "నీ డైరీ ఒకసారి చూపించు బాబూ" అన్నాను. డైరీ లేదు. "నా వాయిదాలన్నీ సీనియర్ గారి ఆఫీసు డైరీలోనే ఉంటాయి మేడమ్" అన్నాడు.

నేను ఇవాళ చెప్పదలుచుకున్నదంతా ఆ అబ్బాయికి చెప్పిందే. గది గురించీ బోర్డు గురించీ సలహా ఇచ్చేవాళ్లు మీకు చాలామంది దొరుకుతారు. సొంత ప్రాక్టీసు అంటే నాకు తెలిసినంతలో ఇదీ: ఎవరో ఒక మనిషి తన గడువునీ, తన డబ్బునీ, తన కాగితాలనీ తెచ్చి మన చేతిలో పెడతాడు. ఆ మూడింటికీ మనం ఒక్కరమే జవాబు చెప్పాలి. సీనియర్ ఆఫీసులో ఉన్నన్నాళ్లూ వెనక ఒక పెద్ద మనిషి ఉన్నారన్న ధైర్యం ఉంటుంది. వకాలత్ మీద, అంటే పార్టీ తరఫున మనం హాజరవుతామని కోర్టులో వేసే కాగితం మీద, మీ ఒక్కరి సంతకమే ఉన్న రోజున ఆ ధైర్యం ఉండదు.

నేను 1996లో ఎన్‌రోల్ అయ్యాను. మా నాన్న ఎలిమెంటరీ స్కూలు టీచరు. మా రెండు వైపులా నల్లకోటు వేసుకున్నవాళ్లు ఎవరూ లేరు. ఈ హాలులో అలాంటి వాళ్లు చాలామంది ఉంటారని నాకు తెలుసు. "లాయర్ల ఇంట్లో పుట్టినవాళ్లకే ప్రాక్టీసు వస్తుంది" అని మీకు ఎవరైనా చెబితే టంగుటూరి ప్రకాశం గారిని గుర్తు చేసుకోండి. వాళ్లమ్మగారు ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి పిల్లల్ని చదివించారు. ఆయన సెకండ్ గ్రేడ్ ప్లీడరుగా మొదలుపెట్టి రాజమండ్రిలో ప్రాక్టీసు నిలబెట్టుకున్నారు. తర్వాత ఇంగ్లండు వెళ్లి బారిస్టరై వచ్చి మద్రాసు హైకోర్టులో పేరు తెచ్చుకున్నారు. అంత సంపాదన ఉన్న ప్రాక్టీసుని 1921లో దేశం కోసం వదిలేశారు. ఆయన వెనక ఏ లాయరు తాతా లేడు.

నేను మా సీనియర్ గారి ఆఫీసులో ఆరేళ్లు చేశాను. మొదటి ఏడాదంతా ఫైలింగు, ప్రాసెస్ కట్టడం (సమన్లు పంపడానికి ఫీజు కట్టడం), సర్టిఫైడ్ కాపీల కోసం తిరగడం, వాయిదాలు రాసుకుని రావడం. గుమాస్తా చేసే పని నేనెందుకు చేయాలని నాకు లోపల బాధగా ఉండేది. ఆయన గమనించి ఒకరోజు ఒక ప్రోనోటు దావా ఇచ్చి ప్లెయింట్, అంటే దావా అర్జీ, రాయమన్నారు. ఏడుసార్లు తిరగరాయించారు. ఏడోసారి కూడా బాగుందని అనలేదు, టైపుకి ఇమ్మన్నారు. ఏ కాగితం ఏ సెక్షన్‌లో ఇవ్వాలో, రిటర్న్ వేసిన ప్లెయింట్‌ని ఎన్నాళ్లలో తిరిగి దాఖలు చేయాలో, చలానా ఎక్కడ కట్టాలో నాకు ఆ మొదటి ఏడాదిలోనే తెలిసింది. సొంత ఆఫీసు పెట్టుకున్నాక గుమాస్తాకి జీతం ఇచ్చే స్తోమత రావడానికి నాకు నాలుగేళ్లు పట్టింది. ఆ నాలుగేళ్లూ నన్ను నిలబెట్టింది ఆ మొదటి ఏడాదే.

ఎన్నాళ్లు సీనియర్ దగ్గర ఉండాలని అందరూ అడుగుతారు. ఏళ్ల లెక్క నేను చెప్పలేను. ఒక సివిల్ దావా ఇష్యూస్ (కోర్టు తేల్చాల్సిన ప్రశ్నలు) వేసిన దగ్గర్నుంచి జడ్జిమెంటు దాకా మీ కళ్లతో చూసి ఉండాలి. ఒక సెషన్స్ కేసులో సాక్షుల విచారణ మొదటి నుంచి చివరి దాకా కూర్చుని విని ఉండాలి. మీకు కాల్ వర్క్ (కేసు పిలిచినప్పుడు హాజరయ్యే పని) లేకపోయినా వెనక బెంచీలో కూర్చుని ఇంకొకరి క్రాస్ ఎగ్జామినేషన్ వినాలి. ఒక్క ఇ.పి., అంటే డిక్రీని అమలు చేయించే పిటిషన్, అయినా నడిపి ఉండాలి. డిక్రీ వచ్చిన రోజు పార్టీ, అంటే మన కక్షిదారు, స్వీట్లు తెస్తాడు. ఆ డిక్రీ డబ్బుగా మారడానికి పన్నెండేళ్ల గడువు ఉందంటే, చట్టం రాసినవాళ్లకి కూడా ఆ కష్టం తెలుసన్నమాట. ఇ.పి. నడపని లాయరుకి ఆ సంగతి తెలియదు, అందుకే పార్టీకి చెప్పలేడు.

ఇక్కడ సీనియర్ గార్లకు ఒక విన్నపం. జూనియర్లకు డబ్బు ఇవ్వండి. 2019 డిసెంబరు 3న మన రాష్ట్రంలో జూనియర్ న్యాయవాదులకు నెలకు 5,000 రూపాయలు ఇచ్చే లా నేస్తం పథకం మొదలైనప్పుడు, ఆ ఐదు వేలతో హాస్టల్ ఫీజు కట్టుకున్న పిల్లల్ని నేను చూశాను. 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా పట్టణాల్లో నెలకు 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 రూపాయలు ఇవ్వాలని సిఫారసు చేసింది. అది సిఫారసే, బలవంతం లేదు. అంత ఇవ్వలేకపోతే ఎంత ఇవ్వగలమో అంత, ప్రతినెలా ఒకే తేదీన, అడిగించుకోకుండా ఇద్దాం. మంచి పిల్లలు ఆకలికి తట్టుకోలేక వృత్తి వదిలి వెళ్లిపోతున్నారు. ఆడపిల్లలైతే ఇంట్లోవాళ్లకి జవాబు చెప్పలేక ఇంకా ముందే వెళ్లిపోతున్నారు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు 1942లో లా పట్టా తీసుకుని మద్రాసు హైకోర్టులో ప్రాక్టీసు చేశారు. ఎనభై ఏళ్లు దాటాక కూడా మన బారులో ఆడపిల్లలు పెళ్లవగానే కనిపించకుండా పోతుంటే నాకు చాలా బాధగా ఉంటుంది.

సీనియర్ ఆఫీసు నుంచి బయటికి రావడం గురించి చెప్తాను. ఇది చాలామంది తప్పుగా చేస్తారు. నేను వెళ్లాలనుకున్నప్పుడు ముందు మా సీనియర్ గారికే చెప్పాను. మూడు నెలల ముందు చెప్పాను. ఆయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు పిలిచి, నేను మొదటి నుంచీ చూస్తున్న ఫైళ్లు నాలుగు నా చేతిలో పెట్టి, ఆ పార్టీల్ని కూర్చోబెట్టి, "ఇక నుంచి అమ్మాయి చూస్తుంది, నేనున్నాను" అన్నారు. ఆ నాలుగు ఫైళ్లతోనే నా ఆఫీసు మొదలైంది. పార్టీల ఫోన్ నంబర్లు రాసుకుని, రాత్రికి రాత్రి వెళ్లిపోయి, వాళ్లకు ఫోన్లు చేసి పిలుచుకునే పద్ధతి ఒకటి నడుస్తోంది. అలా చేయకండి. ఒకరు వకాలత్ వేసిన కేసులో ఆయన సమ్మతి లేకుండా మనం హాజరవకూడదని బార్ కౌన్సిల్ నియమమే ఉంది. సమ్మతి ఇవ్వకపోతే కారణం చెప్పి కోర్టు అనుమతి తీసుకోవాలి. నియమం సంగతి అలా ఉంచినా, మీరు పని నేర్చుకున్న ఇంటి నుంచి తలెత్తుకుని బయటికి రావాలి. మర్నాడు అదే కోర్టు హాల్లో ఆయన ఎదుటే నిలబడతారు.

2002లో నేను తీసుకున్న గది అద్దె తొమ్మిది వందలు. టేబులు సెకండ్ హ్యాండ్. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా మా అమ్మ వచ్చి ముందు గదిలో కూర్చునేది, రాత్రిపూట ఒక్కదాన్నే పార్టీలతో ఉంటానని భయం. ఇవాళ ఆఫీసు పెట్టే అమ్మాయిలు ఇంట్లోనే ఒక గదిలో మొదలుపెట్టినా తప్పు లేదు, లేదా ఇద్దరు ముగ్గురు కలిసి ఒక చోట పెట్టుకోండి. కలిసి పెట్టుకునేటప్పుడు స్నేహం మీద వదిలేయకుండా ఒక కాగితం రాసుకోండి. అద్దె ఎవరెంత, గుమాస్తా జీతం ఎవరెంత, ఎవరి పేరుతో వచ్చిన పార్టీ ఎవరిది, ఒకరు వెళ్లిపోతే ఫైళ్లు ఏమవుతాయి. నలుగురికి ఒప్పందాలు రాసిపెట్టే మనం మన ఒప్పందం రాసుకోకపోవడం వల్ల విడిపోయిన స్నేహితులు ఈ ఊళ్లోనే ఉన్నారు. ఇంకొకటి, ఆ పార్ట్‌నర్‌షిప్ న్యాయవాదుల మధ్యే ఉండాలి. రియల్ ఎస్టేట్ చేసే బావగారితోనో, స్టాంపులమ్మే స్నేహితుడితోనో ఫీజు పంచుకునే ఏర్పాటు మనకు నిషిద్ధం. పోలీస్ స్టేషన్ దగ్గరా ఆసుపత్రి దగ్గరా మనుషుల్ని పెట్టి, కేసుకింత అని ఇచ్చి పార్టీల్ని తెప్పించుకునే లాయర్లున్నారు. అలా పార్టీల్ని తెచ్చే మనుషుల్ని మనం టౌట్లు అంటాం. 2023లో ఆ టౌట్ల సంగతిని అడ్వకేట్స్ యాక్టులోకే తెచ్చారు. ఆ టౌటు ఇవాళ మీకు పార్టీని తెస్తాడు, రేపు ఇంకో వంద ఎక్కువిచ్చేవాడి దగ్గరికి అదే పార్టీని తీసుకెళ్తాడు.

బోర్డు గురించి ఒక నిమిషం. బార్ కౌన్సిల్ నియమం 36 ప్రకారం బోర్డు తగిన సైజులో ఉండాలి. ఫలానా సంఘానికి అధ్యక్షుడిననీ, ఫలానా కేసుల్లో స్పెషలిస్టుననీ రాయకూడదు. 2008లో సవరించాక వెబ్‌సైటులో పేరు, చిరునామా, ఫోను, ఎన్‌రోల్‌మెంట్ నంబరు, చదువు, ఏ రంగంలో ప్రాక్టీసు చేస్తున్నామో పెట్టుకోవచ్చు. అంతవరకే. 2024 జులైలో మద్రాసు హైకోర్టు తీర్పు వచ్చిన వెంటనే, ఆన్‌లైన్‌లో పని అడుక్కోవద్దని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గట్టిగా చెప్పింది. కోటు వేసుకుని కోర్టు మెట్ల మీద రీల్స్ చేసే పిల్లలకు నేను కోపంతో చెప్పడం లేదు. మీకు పార్టీలు రావడం లేదన్న ఆందోళన నాకు అర్థమవుతుంది. కానీ రీల్ చూసి వచ్చినవాడికి మీ ముఖం తెలుసు, మీ పని తెలియదు. ప్రోనోటు దావాలో మీరు సరిగ్గా చేసిన పని చూసి ఎదుటి పక్షం సాక్షి వచ్చి తన కేసు మీకిచ్చిన రోజు మీకు ప్రాక్టీసు మొదలైనట్టు. నాకు అలాగే మొదలైంది.

మరి మొదటి రెండేళ్లు పని ఎక్కడి నుంచి వస్తుంది? జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ప్యానెల్‌లో పేరు ఇవ్వండి. ఆడవాళ్లకీ, పిల్లలకీ, షెడ్యూల్డు కులాలూ తెగల వాళ్లకీ, కస్టడీలో ఉన్నవాళ్లకీ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కుంది. నేను మొదటి మూడేళ్లలో మనోవర్తి కేసులు పదిహేడు చేశాను, అన్నీ లీగల్ ఎయిడ్ మీదే. వచ్చే డబ్బు తక్కువ. కానీ మన సాక్షిని చీఫ్ చేయడం (మొదటి విచారణ చేయడం), భర్త జీతం కాగితాలు రప్పించడం, ఆయనగారు కోర్టుకి రాకపోతే వారెంటుకి పిటిషన్ వేయడం నాకు అక్కడే వచ్చాయి. లీగల్ ఎయిడ్ కేసు కదా అని ఒక్క వాయిదా కూడా తేలిగ్గా తీసుకోకండి. ఆ అమ్మ కూలి పోగొట్టుకుని, చంకలో బిడ్డతో రెండు బస్సులు మారి వస్తుంది.

మీకు ఇంకో అదృష్టం ఉంది, మాకు లేనిది. 2024 జులై 1 నుంచి మూడు కొత్త క్రిమినల్ చట్టాలు వచ్చాయి. మాకు నోటికొచ్చిన సెక్షన్లన్నీ మారిపోయాయి. పాత సీఆర్‌పీసీలో ముందస్తు బెయిల్ 438 అని ముప్ఫై ఏళ్లు చదివినవాళ్లం, ఇప్పుడది 482. పాత చట్టంలో 482 అంటే కేసు కొట్టేయమని హైకోర్టుని అడిగే సెక్షను, అదిప్పుడు 528. మనోవర్తి 125 కాస్తా 144 అయింది. పాత తేదీ నేరాలకు పాత ఐపీసీనే వర్తిస్తుంది కనుక ఇంకా చాలా ఏళ్లు రెండు పుస్తకాలూ టేబుల్ మీద ఉండాల్సిందే. కానీ కొత్త చట్టంలో మీరూ మేమూ ఒకేరోజు చదవడం మొదలుపెట్టాం. ఇవాళ శ్రద్ధగా చదివిన జూనియర్ మాట కోర్టు ఆగి వింటుంది. సుప్రీంకోర్టు తీర్పులు 2023 నుంచి ఈ-ఎస్‌సీఆర్ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతున్నాయి. మేము జర్నల్ కోసం సీనియర్ల బీరువాల చుట్టూ తిరిగాం. ఏఐని అడిగి వచ్చిన సైటేషన్‌ని (పాత తీర్పు ప్రస్తావనని) మాత్రం అసలు తీర్పు తెరిచి చదవకుండా కోర్టులో చెప్పకండి. తీర్పే లేని సైటేషన్ ఒక్కసారి మీ నోట వచ్చిందంటే, ఆ జడ్జి గారు మీ తర్వాతి పది సైటేషన్లనీ అనుమానంగానే చూస్తారు.

ఇక డైరీ. ఇక్కడ నేను కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, మన్నించండి. ఇది నేను నష్టపోయి నేర్చుకున్నది. నాకంటే నా పార్టీ ఎక్కువ నష్టపోయాడు.

2004లో మిర్చి యార్డులో చిన్న కమిషన్ వ్యాపారం చేసే ఒకాయన చెల్లని చెక్కు తీసుకుని వచ్చాడు. ఎనభై ఐదు వేలు. అప్పట్లో ఆయనకి అది పెద్ద మొత్తం, రైతులకు తిరిగి ఇవ్వాల్సిన డబ్బు. మీకు తెలుసు కదా, చెల్లని చెక్కుల సెక్షన్ 138లో బ్యాంకు నుంచి చెక్కు తిరిగొచ్చిన సమాచారం అందిన 30 రోజుల్లోపు నోటీసు ఇవ్వాలి. నోటీసు అందాక 15 రోజుల్లో డబ్బు ఇవ్వకపోతే, ఆ తర్వాత నెల లోపల కంప్లయింట్ వేయాలి. కంప్లయింట్ ఆలస్యమైతే కారణం చెప్పి క్షమించమని అడగవచ్చు. నోటీసు ఆలస్యమైతే అలా అడగడానికి దారి లేదు. ఆయన నా దగ్గరికి వచ్చిన తేదీ నేను డైరీలో రాసుకున్నాను. బ్యాంకు మెమో ఆయన చేతికి ఏ రోజు వచ్చిందో అడిగి రాసుకోలేదు. ఆయన మెమో జేబులో పెట్టుకుని, ఎదుటివాడు ఇవాళ ఇస్తాను రేపు ఇస్తానంటే తిరిగి తిరిగి అప్పుడు వచ్చాడు. నేను నోటీసు పంపింది ముప్ఫై మూడో రోజున. చెక్కు గడువు కూడా అప్పటికే దాటిపోయింది, మళ్లీ బ్యాంకులో వేసే అవకాశం లేదు.

మూడు రోజులు. ఆ తప్పు నేను కంప్లయింట్ డ్రాఫ్ట్ చేసేటప్పుడు తేదీలు కూడుతుంటే తెలిసింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆయనకి లెక్కలు తెలియవు, చెప్పకపోతే ఆయనకి ఎప్పటికీ తెలియదు. కేసు వేసి, రెండేళ్లు నడిపి, కొట్టేశాక "కోర్టు అన్యాయం చేసింది" అని చెప్పి పంపేయవచ్చు. అలా చేసేవాళ్లను నేను చూశాను. మర్నాడు పొద్దున్నే ఆయన్ని పిలిపించి, కూర్చోబెట్టి, తప్పు నాదని చెప్పాను. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "మరి దారేంటమ్మా?" అన్నాడు. సివిల్ కోర్టులో డబ్బు కోసం దావా వేయడానికి మూడేళ్ల గడువు ఉంది. ఫీజు తీసుకోకుండా వేశాను, కోర్టు ఫీజు సగం నేనే కట్టాను. డిక్రీ వచ్చింది, ఇ.పి.లో కొంత వసూలైంది, పూర్తిగా కాలేదు. క్రిమినల్ కేసు ఉండుంటే ఎదుటివాడు భయపడి మొదటి ఏడాదే కట్టేసేవాడేమో. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఆ రోజు నుంచి మా ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. పార్టీ కుర్చీలో కూర్చోగానే కథ వినడానికి ముందే తేదీలు రాస్తాం. ఏ కాగితం మీ చేతికి ఏ రోజు అందింది, కవరు ఉందా, కవరు మీద పోస్టాఫీసు ముద్ర ఉందా. సమన్లు అందితే రిటన్ స్టేట్‌మెంటుకి (ప్రతివాది రాతపూర్వక జవాబుకి) 30 రోజులు, గట్టిగా లాగితే 90. ఎక్స్‌పార్టీ డిక్రీ (మన పార్టీ హాజరు కాకుండానే వచ్చిన డిక్రీ) అయితే తీయించుకోవడానికి 30 రోజులు. జిల్లా కోర్టుకి అప్పీలు 30, హైకోర్టుకి 90. ఈ గడువు తేదీని ఎర్ర ఇంకుతో రాసి, దానికి వారం ముందు తేదీన ఇంకోసారి రాస్తాం. ఇప్పుడు ఈ-కోర్ట్స్ యాప్ ఉంది, కేసుకి ఇచ్చిన సీఎన్ఆర్ నంబరు కొడితే వాయిదా కనిపిస్తుంది. మంచిదే, వాడండి. కానీ ఆ యాప్ కోర్టులో వేసిన కేసు వాయిదానే చూపిస్తుంది. ఇంకా వేయని కేసు గడువు అందులో ఉండదు. నేను పోగొట్టుకున్నది అలాంటి గడువే.

వాయిదా అయ్యాక ఆ సాయంత్రమే పార్టీకి ఫోన్ చేయండి, లేదా వాట్సాప్‌లో నాలుగు ముక్కలు పెట్టండి. ఇవాళ ఏమైంది, మళ్లీ ఎప్పుడు, మీరు రావాలా అక్కర్లేదా. జడ్జి గారు సెలవులో ఉన్నా చెప్పండి. కాల్ అవగానే వాయిదా పడినా చెప్పండి. ఊళ్లల్లో "మా లాయరు ఫోన్ ఎత్తడు" అన్న మాట ఎన్నిసార్లు వింటామో మీకు తెలుసు. నేను పెద్ద వాగ్ధాటి ఉన్న మనిషిని కాదు. నాకు నిలిచిన పార్టీల్లో ఎక్కువమంది ఈ ఫోన్ల వల్లే నిలిచారని నా నమ్మకం.

డబ్బు దగ్గరికి వస్తాను. ప్రత్తిపాడు వైపు నుంచి ఒక రైతు వస్తాడు. తువ్వాలు ముడి విప్పి, ఐదు వందల నోట్లు లెక్కపెట్టి బల్ల మీద పెడతాడు. అందులో మన ఫీజు ఎంత, కోర్టు ఫీజు ఎంత, నోటీసు ఖర్చు ఎంత అన్నది ఆయన అడగడు. అడగడు కాబట్టే మనం చెప్పాలి. పార్టీ డబ్బుకి విడిగా లెక్క రాయాలని బార్ కౌన్సిల్ నియమాల్లోనే ఉంది. ఒక నోటు పుస్తకం చాలు, ఎడమ పక్క ఫీజు, కుడి పక్క ఖర్చులు, రసీదు నకలు పిన్ చేసి. ఖర్చుల కోసం ఇచ్చిందాంట్లో మిగిలితే తిరిగి ఇవ్వండి. నేను మొదటిసారి నూట నలభై రూపాయలు తిరిగి ఇస్తే ఆ పెద్దాయన తీసుకోవడానికి మొహమాటపడ్డాడు, ఇదేదో కేసు ఓడిపోయిందని చెప్పే పద్ధతి అనుకున్నాడు.

"గెలిస్తే ఇంత ఇస్తానమ్మా" అంటారు. ఒప్పుకోకూడదు. ఫలితం మీద ఫీజూ, వచ్చిన సొమ్ములో వాటా మనకు నిషిద్ధం. యాక్సిడెంట్ కేసుల్లో ఇది ఎలా జరుగుతోందో ఈ హాల్లో అందరికీ తెలుసు. భర్త చనిపోయిన ఆడమనిషికి ట్రైబ్యునల్ ఇచ్చిన పరిహారంలో పర్సంటేజీ తీసుకోవడం నాకు ఎప్పటికీ ఒప్పుకోలేని విషయం. అందులో ఆమె పిల్లల పేరున ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయమని కోర్టు చెప్పిన డబ్బు కూడా ఉంటుంది. ముందే ఒక ఫీజు చెప్పండి, ఇవ్వలేకపోతే వాయిదాల మీద తీసుకోండి, అదీ లేకపోతే లీగల్ ఎయిడ్‌కి పంపండి. వాటా మాత్రం అడగకండి.

ఫీజు రాకపోతే ఫైలు పట్టుకు కూర్చోవడం ఇంకొకటి. 2000లోనే సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది, ఫీజు బాకీ ఉందని పార్టీ కాగితాలు ఆపుకునే హక్కు లాయరుకి లేదని. ఫీజుకి విడిగా దావా వేసుకోవచ్చు. ఫైలు మాత్రం ఇచ్చేయాలి. 2024 మే 14న సుప్రీంకోర్టు, లాయర్ల మీద వినియోగదారుల ఫోరంలో కేసు వేయడానికి వీల్లేదని తీర్పిచ్చినప్పుడు మనలో చాలామంది ఊపిరి పీల్చుకున్నారు. కానీ అడ్వకేట్స్ యాక్టు సెక్షన్ 35 కింద బార్ కౌన్సిల్ ముందు జవాబు చెప్పాల్సిన బాధ్యత అలాగే ఉంది.

మొదటిసారి వచ్చిన పార్టీకి నిజం చెప్పడం అన్నిటికంటే కష్టం, అద్దె కట్టాల్సిన వారంలో ఇంకా కష్టం. అన్నదమ్ములు గట్టు తగాదాతో వస్తారు. గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడిస్తే, ఓడినవాడు కోర్టులోనే ఏడ్చాడని మన పెద్దలు ఊరికే అనలేదు. మూడు సెంట్ల గట్టుకి పదేళ్లు తిరిగి, సర్వేయరుకీ కోర్టు వేసిన కమిషనరుకీ ఆ మూడు సెంట్ల విలువకి మించి ఖర్చుపెట్టిన వాళ్ల ఫైళ్లు మా బీరువాలో ఉన్నాయి. రాజీకి వీలుంటే లోక్ అదాలత్‌కి తీసుకెళ్లండి. కట్టిన కోర్టు ఫీజు తిరిగొస్తుంది, అవార్డు మీద అప్పీలు ఉండదు, తగాదా అక్కడితో ఆగుతుంది. ఒక కేసు పోయిందే అనుకోకండి. మా ఆఫీసులో రాజీ అయి వెళ్లిన అన్నదమ్ములిద్దరూ తర్వాత విడివిడిగా వాళ్ల పిల్లల కాగితాలు నాతోనే రాయించుకున్నారు.

చివరిగా కాగితాల సంగతి. ఒరిజినల్ దస్తావేజు మన చేతికి వచ్చిందంటే అది ఆ ఇంటి ఆస్తి. రసీదు రాసి ఇవ్వండి. కోర్టులో సాక్ష్యంగా మార్కు చేయించినవి ఉంటే, కేసు అయ్యాక రిటర్న్ ఆఫ్ డాక్యుమెంట్స్ పిటిషన్ వేసి తీసుకుని ఇవ్వండి. పార్టీ అడిగేదాకా ఆగకండి. ఫిరంగిపురం దగ్గర ఒక ముసలావిడ దావాలో నేను ఓడిపోయాను, అప్పీల్లో కూడా ఓడిపోయాం. ఆవిడ తాలూకు 1958 నాటి దస్తావేజు, మరో ఐదు కాగితాలు కోర్టు నుంచి తీసి, ఇంటికి పిలిపించి ఇచ్చాను. ఆవిడకి చదువు రాదు. ఒక్కొక్కటీ చేత్తో తడిమి చూసి, ఆరూ లెక్కపెట్టుకుని, పసుపు గుడ్డలో చుట్టుకుని, "ఓడిపోయినా నా కాగితాలు నాకొచ్చాయి లాయరమ్మా" అంది. ఇరవై ఏళ్లయినా ఆవిడ ఆ కాగితాలు తడిమిన తీరు నాకు అలాగే కళ్లముందు ఉంది.

మొదట చెప్పిన అబ్బాయి పోయిన వారం మళ్లీ వచ్చాడు. డైరీ కొనుక్కున్నాడు. సీనియర్ గారి ఆఫీసు డైరీ ముందేసుకుని, తను చూస్తున్న నలభై మూడు కేసులూ తన చేత్తో ఎక్కించుకున్నాడు. అందులో రెండింటికి రిటన్ స్టేట్‌మెంట్ గడువు దగ్గరపడిందని అప్పుడే కనిపించిందట. వెళ్లి సీనియర్ గారికి చెప్పి, రెండూ రాత్రికి కూర్చుని డ్రాఫ్ట్ చేశాడట. గది ఇంకా చూసుకోలేదు, ఉగాది అయ్యాక చూస్తానన్నాడు.

ఇక మీరు అడగండి. ముందు వెనక బెంచీల్లో కూర్చున్న అమ్మాయిలకు మైకు ఇవ్వండి బాబూ. నాకు తెలిసింది నేను చెప్తాను, మిగతాది ఇక్కడున్న సీనియర్ గార్లు చెప్తారు.